మాట మోసే మనిషి

“పేరు?”

“గాసి, బాబూ.”

“బతికించావు. సుక్రు అన్నావంటే లోపల వేయించాల్సొచ్చేది,” అని గుమస్తా రమణమూర్తి కలం సిరాలో ముంచాడు.

అది ఉత్త వేళాకోళం కాదు. కొండల్లో శుక్రవారం పుట్టిన మగవాడల్లా సుక్రే. సంతలో దొరికిన ప్రతి సుక్రునీ పోలీసులు పట్టుకొచ్చి, తన్ని, వీడు కాదని వదిలేశారు. కావలసిన సుక్రు మొహం కొండ దిగువన ఎవరికీ తెలియదు.

పితూరీ అణిగి ఏడాది తిరగలేదు. ఘాటీ రోడ్డుకి వెట్టి చెయ్యం పొమ్మని ఓ ఊరు అడ్డం తిరిగింది. గొడవలో బాణం తగిలి ఒక జవాను పోయాడు. ఆ బాణం ఊరిపెద్ద సుక్రుదన్నారు. అప్పట్నుంచి ఊరు ఊరంతా అరకులోయలో, సర్కారు గుడారాల పక్కన, వెదురు దడిలో ఉంది. పుష్యమాసపు చలి. గింజలు జప్తు. పసివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు జ్వరాన పడుతున్నారు. సుక్రు దొరికేదాకా దడి తీసేది లేదన్నారు.

ఆడవాళ్ళని అడిగితే లాభం లేకపోయింది. మొగుడి పేరు పలికితే వాడి ఆయుష్షు తరుగుతుందని ఒక్కతీ నోరు విప్పలేదు. లోపల ఎవరి పెళ్లాం ఎవరో తేలక తెల్లదొర తల పట్టుకున్నాడు.

చివరికి సంతలో దండోరా వేయించారు. కొండలకీ సర్కారుకీ మధ్య మాట మోసే రాయబారి కావాలి. కోటు ఇస్తారు, ఇత్తడి బిళ్ళ ఇస్తారు, జీతమిస్తారు.

వచ్చినవాడు అతనొక్కడే.

అతనికి ఆ ఉద్యోగం కావాలి. పక్క కొండ పెద్ద తనంతట తనే వచ్చి లొంగిపోతే, ఆ పెద్దనీ తీసుకుపోయారు, ఊరినీ కాల్చారు. లొంగినవాడి మాట ఎవరు వింటారు? బిళ్ళ కట్టుకున్నవాడి మాటయితే దొర చెవిదాకా పోతుంది. దడిలో ఉన్నది అతని మనుషులే. పెళ్లాం రత్నా, చంటిదీ అందులోనే ఉన్నారు.

“ఆ సుక్రు నీకేమైనా అవుతాడా?”

“నా పెళ్లానికి మేనమామ కొడుకు, బాబూ.”

కలం ఆగింది. గుమస్తా మొహం విచ్చుకుంది.

“ఓరి నీ! వరసైనవాడు ఉండగా పిల్లని నువ్వు తన్నుకుపోయావా? అదా సంగతి! పాత పగన్నమాట.”

అతను తల వంచుకున్నాడు. గుమస్తా ఆ నవ్వుతోనే లోపలికి వెళ్ళి దొర చెవిలో వేశాడు. పగ ఉన్నవాడు పనికొస్తాడు. దొరకి ఆ లెక్క నచ్చింది.

దొర అడిగినవి గుమస్తా తెలుగులో అడిగాడు.

“సుక్రుని తేగలవా?”

“తెత్తాను. పానం మిగిలిత్తారా బాబూ? ఆడూ పిల్లలోడే.”

“జవాను చచ్చాడు. ఉరే.”

“పోనీ, దీవులకి పంపండి.”

“ఉరే అన్నారు కదరా!”

అతను దడి వైపు చూశాడు.

“అయితే ముందు దడి తియ్యాలి. ఊరోళ్ళు కొండెక్కాలి. ఆళ్ళ సోళ్ళ గింజలు ఆళ్ళకిచ్చెయ్యాలి. మళ్ళీ ఆ ఊరిమీదికి పటాలం రాదని దొర మాటియ్యాలి. కొండమీద పొయ్యిల పొగ కనబడ్డాక సుక్రు మీ ముందుంటాడు.”

“ఉండకపోతే?”

“అందాకా నేనిక్కడే కూకుంటాను. నా మెడ మీకాడే ఉంటాది.”

దొర మాటిచ్చాడు. అతని గుండెల మీద బిళ్ళ బిగించారు. చల్లగా తగిలింది.

ఆ వేషంతోనే దడి దగ్గరికి వెళ్ళాడు. రత్న వెదుళ్ళ సందులోంచి చూసింది. చంటిది ఆమె భుజం మీద వేలాడుతోంది.

“కట్టేసినావా సర్కారోడి బిళ్ళ?”

“దడి తీసేత్తారు. బేగి ఇంటికెళ్ళి సంటి గుంటకి అంబలి కాసి పొయ్యి.”

“ఆణ్ణి ఉరికిచ్చేసి నన్ను అంబలి కాసుకోమంటావా? నోరెలా వొచ్చింది నీకు? ఆడి పెళ్లాం ఏటైపోద్దో తలిసినావా?”

“రేత్రంతా అదే తలిసినాను.”

“పారిపొమ్మను. కొండవతలికి పొమ్మను.”

“ఆడు పారిపోతే నువ్వూ గుంటా ఈ దడిలోనే పోతారు.”

“పోతే పోతాం!” అని బిళ్ళ మీద ఉమ్మేసింది.

కాపలా జవాను పడీపడీ నవ్వాడు. “రాయబారిగారికి మొదటి సన్మానం!”

అతను తుడుచుకోలేదు.

దడి తీశారు. ముసలివాళ్ళని వీపుల మీద వేసుకుని, గింజల మూటలు నెత్తిన పెట్టుకుని జనం కొండెక్కారు. వాగు మలుపు దగ్గర రత్న ఆగింది. అతను చెయ్యెత్తలేదు. ఆమె చంటిదాన్ని మరో భుజానికి మార్చుకుని మలుపు తిరిగింది.

అతను గుడారం ముందు గొంతుక్కూచున్నాడు. మధ్యాహ్నం దాటాక మంచు దిగడం మొదలైంది. ఒక్కసారిగా భయం పట్టుకుంది అతనికి. పొగకీ మంచుకీ తేడా తెలియకపోతే?

“ఇక్కడ కూర్చుంటే వాడెలా వస్తాడురా? వెళ్ళి తీసుకురా,” అని గుమస్తా కసిరాడు.

“పొగ సూత్తే తనే వొత్తాడు బాబూ.”

గాలి ఒకసారి మంచుని పక్కకి తోసింది. కొండ నడుము మీద సన్నగా ఒక పొగ. దాని పక్కన మరొకటి. తర్వాత ఊరంతా.

అతను తనివితీరా చూశాడు. లేచి కోటు విప్పి మడత పెట్టాడు. బిళ్ళని మొలగుడ్డతో తుడిచి దానిమీద ఉంచి, గుమస్తా బల్ల మీద పెట్టాడు.

“ఏరా, పొగలు లేచాయి. సుక్రు ఏడీ?”

“మాది మేనరికం బాబూ,” అని అతను రెండు మణికట్లూ కలిపి సంకెళ్ళకి చాపాడు.