మెత్తబడిన జీపు

"ఆ కుదుపులకి నేను ఇశాపట్నం రాలేను మావా," అంది ఊర్మిళ. కిడ్నీలు పాడైన ఆమెకి అక్కడే వారానికి రెండుసార్లు డయాలసిస్.

భర్త తవిటినాయుడు ఆ రోజే పెరట్లో తన పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు విప్పేశాడు. చక్రాల కుదుపు ఆపే కమాన్లలో గట్టి పట్టీలు తీసేసి మెత్తటివి బిగించాడు. వెనక సీట్లు పీకేసి పరుపు అమర్చాడు.

మర్నాడు ఆమెను పడుకోబెట్టి, జీడితోటల ఇసక దారిలో అక్కుపల్లి దాకా నడిపి ఆపాడు.

"ఎలాగుందే?"

"ఊయల్లాగుంది."

"అయితే రేపు ఇశాపట్నం ఎల్దామేటి?"

ఊర్మిళ గ్రీజు అంటిన అతని చెయ్యి పట్టుకుంది.

"కుదుపులకి కాదు మావా. నాకింక ఆ సూదులొద్దు. నీకు సెప్పలేక అలాగన్నాను. బారువ ఎల్లి మా యమ్మని సూసొద్దాం, పద."

 తవిటినాయుడు జీపును బారువ వైపు తిప్పాడు.