ఎలుకమ్మ సొరబుర్ర

చెరువు అవతల కలుగులో ఒక ముసలి ఎలుకమ్మ ఉండేది. ఎండు సొరబుర్రలో బూడిద కలిపి, రకానికి పిడికెడు చొప్పున గింజలు దాచేది. ఏటా తొలకరికి ప్రతి రకంలోనూ కొన్ని చల్లి, పండిన కొత్త గింజలతో బుర్ర నింపేది. బుర్రలోది ఒక్క గింజ కూడా పంటికి తగలనిచ్చేది కాదు.

"ఎలుకవై పుట్టి గింజలకు కాపలా ఏమిటత్తా? ఆ నల్లకొర్ర మరీ వగరు, ఎవరికి కావాలి?" అని పిచ్చుక పకపకా నవ్వేది.

"ఉండనీవే తల్లీ, అదీ నా పిల్లే."

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. చేలన్నీ మాడిపోయాయి. ఎలుకమ్మ చల్లిన నల్లకొర్ర ఒక్కటే నిలబడింది. పిచ్చుక పిల్లల్ని వెంటేసుకుని, తలొంచుకుని వచ్చింది. ఎలుకమ్మ పాత మాటలేవీ ఎత్తలేదు. కంకులు దులిపి పిల్లలకు పెట్టింది. తరవాత బుర్రలోంచి పది గింజలు తీసి పిచ్చుక ముక్కుకి అందించింది.

"ఇవి తినడానికి కాదే. మీ గట్టున చల్లు."

పిచ్చుక కడుపు కాలుతున్నా మింగలేదు. గింజ జారుతుందేమోనని దారిలో ఎవరు పలకరించినా నోరు తెరవలేదు.

మరుసటి ఏడు పిడికెడు కొర్రలు తెచ్చి బుర్రలో పోసింది. వెళ్ళబోతూ ఆగి, రెక్క కింద దాచిన ముళ్ళగింజ ఒకటి బయటికి తీసింది.

"దీన్ని ఎవరూ ముట్టరత్తా. అయినా కాస్త చోటివ్వవూ?"