చెయ్యి మిగిలిన స్వెటర్

"ఆ కుర్చీలో కూర్చోకండమ్మా," అన్నాడు ఊలు కొట్టాయన.

కిటికీ పక్క కుర్చీలోంచి ఒక పెద్దావిడ లేచింది.

"తెలియదు బాబూ."

"మా ఆవిడది. ఆమె పోయాక అందులో ఎవరినీ కూర్చోనివ్వడం లేదు."

ఆమె గుమ్మం దగ్గరి బల్ల మీదికి మారింది. సంచిలోంచి అల్లిక సూదులు తీసింది.

కొనేవాళ్ళు నిలబడతారు, కొననివాళ్ళు కూర్చుంటారు. కొట్టాయన లెక్క అది. ఆవిడ ఆ రోజు ఒక్క బూడిదరంగు ఊలు ఉండ కొంది. ఆ తర్వాత రోజూ వచ్చి కూర్చోవడమే.

"ఏం అల్లుతున్నారు?" అని ఒకసారి మర్యాదకు అడిగాడు.

"ఏమో బాబూ. ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ సూదులు పట్టుకున్నాను. చెయ్యి ఎటు పోతే అటు. నచ్చకపోతే విప్పేస్తాను."

"విప్పేదానికి అల్లడమెందుకు?"

"అల్లుతున్నంతసేపూ మనసు ఊరుకుంటుంది."

గిట్టుబాటు కాని పని, అనుకున్నాడు. అటు చూడలేదు. భార్య పోయాక అల్లే చేతుల వంక చూడటమే మానేశాడు. ఊలు తూచేవాడు, పొట్లం కట్టేవాడు, సాయంత్రం షట్టరు దించేవాడు. ఏడుపు రాలేదు. నవ్వూ రాలేదు.

అద్దాల బీరువాలో ఒక స్వెటర్ ఉంది. కూతురి కోసం భార్య మొదలుపెట్టింది. ఒక చెయ్యి అల్లకుండా మిగిలిపోయింది. చలి వచ్చేలోపు అది తొడుక్కోవాలని కూతురి పట్టు. వేరే ఏదిచ్చినా తొడుక్కోనంది.

అల్లిక తెలిసినవాళ్ళందరికీ చూపించాడు. అందరిదీ ఒకటే మాట.

"ప్రతి కుట్టూ మెలితిరిగి ఉంది. అలా తప్పుగా అల్లడం మాకు చేతకాదు. మొత్తం విప్పితే కొత్తగా అల్లి ఇస్తాం."

కూతురు విప్పనివ్వలేదు.

ఒక మధ్యాహ్నం పెద్దావిడ బీరువా ముందు నిలబడింది.

"ఆ చెయ్యి నేను అల్లుతాను బాబూ. నాకేమీ ఇవ్వక్కర్లేదు."

ఊరికే చేస్తామన్న పనిని కొట్టాయన ఎప్పుడూ నమ్మలేదు.

"చెయ్యి తిరిగినవాళ్ళే కాదన్నారు. మీరు మొన్ననేగా సూదులు పట్టుకున్నారు. పాడు చేస్తే మళ్ళీ తెచ్చేదెవరు?"

"పాడు చెయ్యను."

పక్క కొట్టు దర్జీ తొంగి చూశాడు.

"ఏమోయ్, బల్ల అద్దెకిచ్చావా ఏంటి? ఉండ కొంటే బల్ల ఉచితమని బోర్డు పెట్టు. నేనూ వస్తా."

కొట్టాయనకు తల కొట్టేసినట్టయింది.

"రేపట్నుంచి ఇక్కడ కూర్చోకండమ్మా. ఇది వ్యాపారం చేసుకునే చోటు, సత్రం కాదు."

ఆమె కాసేపు అతని ముఖంలోకి చూసింది.

"అలాగే బాబూ," అని, గుమ్మం బయట చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. బల్ల ఖాళీ అయింది. బేరం మాత్రం పెరగలేదు.

సెలవు రోజు కూతురు కొట్టు ఊడుస్తూ బల్ల కిందనుంచి ఏదో తీసింది. బూడిదరంగు అల్లిక ముక్క. ఓ చివర వెడల్పు, ఓ చివర సన్నం, ఒక ఆకారమంటూ లేదు.

"నాన్నా, అమ్మ ఇదెప్పుడు అల్లింది?"

"అది అమ్మది కాదు. ఎవరో పెద్దావిడ, ఇక్కడ కూర్చునేది."

"అమ్మదే. చూడు."

ముక్కను స్వెటర్ పక్కన పెట్టింది. కొట్టాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. ప్రతి కుట్టూ మెలితిరిగి ఉంది. అదే మెలిక, అదే వైపు.

"ఆవిడ ఊరేది నాన్నా?"

"అడగలేదు."

"పేరు?"

"అడగలేదు."

కూతురు ముక్కను వదల్లేదు.

"మరి అమ్మకి ఈ కుట్టు నేర్పిందెవరు?"

"మీ అమ్మమ్మ. మా పెళ్ళి ఇష్టం లేక మా గడప తొక్కలేదు."

"ఎలా ఉంటుంది?"

"నేనెప్పుడూ ఆమెను చూడలేదు" అని ఇన్నేళ్ళూ చెప్పిన మాటే నోటిదాకా వచ్చి, గుమ్మం దగ్గరి బల్ల కంటపడి, అక్కడే ఆగిపోయింది.