మిగతా ఆరు జన్మలు

రాత్రి పదింటికి ఆమె తమ దర్జీ దుకాణంలో ఒంటరిగా కూర్చుని గుండీలు కుడుతోంది. ఎదురుగా, పోయిన నెల చనిపోయిన భర్త కుట్టుమిషను దానంతటదే కదిలింది. సూదికి దారం లేదు, కింద గుడ్డ లేదు. అయినా ఆయన తొక్కినట్టే మధ్యమధ్యలో ఆగుతూ టకటకలాడుతోంది.

ఆమెకు ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"ఏడు జన్మల తోడన్నావు, ఒకే ప్రాణమన్నావు. ఆ మాట చెప్పి ఇరవై ఏళ్ళు నన్ను మా అక్క ఇంటికైనా పంపలేదు. చచ్చాక కూడా వదలవా? మిగతా ఆరు జన్మలకీ నన్ను అడిగావా?"

మిషను ఆగింది.

ఆమె చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. చెయ్యి వెయ్యకముందే లోపలి గడియ మెల్లగా జరిగి పడింది.

పళ్ళు బిగించి, దాన్ని రెండు చేతులా పట్టుకుంది. గడియ మీద చల్లగా ఇంకో చెయ్యి అప్పటికే ఉంది.