మలుపు తిరిగిన చుక్క

చుక్క మళ్లీ గోడకే అతుక్కుంది.

లెక్కల అమ్మాయి తల పట్టుకుంది. ఆమె కంప్యూటరులో రోజూ మందు తుంపర కురిసేది. గొడుగు అక్కర్లేని వాన.

ఆ కొండ మీద గాలి ఎంత పలచనంటే, ఆవులించినవాడికి సగం ఆవులింతే దక్కేదట. అలాంటి గాలిలో మందు చుక్క ఊపిరితిత్తుల అడుగుదాకా ఎలా దిగుతుందో ఆమె తెర మీద తేల్చాలి. అది తేలితేనే ఆసుపత్రికి మందు యంత్రం. వార్డులో రోగులు దానికోసమే ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నారు.

తెర మీద ఉన్నది, పేరు తీసేసి డాక్టరు ఇచ్చిన ఎవరో రోగి ఊపిరితిత్తుల స్కాన్. అందులో గాలిగొట్టం ఒక వంకర మలుపు దగ్గరే ప్రతి చుక్కా ఆగిపోతోంది. సాయంత్రానికి తేలకపోతే కంప్యూటరు వేరేవాళ్లకి ఇచ్చేస్తామని పైవాళ్లు కబురు చేశారు.

గుమ్మంలో దగ్గు వినిపించింది. ఆ ముసలాయనే. రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుని తెర చూసేవాడు. ఎవరి తాలూకో ఆమె అడగలేదు.

"దిగిందా అమ్మాయ్?"

"ఎక్కడ తాతా? ఈ దిక్కుమాలిన ఊపిరితిత్తి ఎవడిదో గానీ, నన్ను చంపుకు తింటోంది."

"వాడు మాత్రం దాంతో వేగుతున్నాడా?" అని నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగలేదు.

"నీకు దండం పెడతాను తాతా. ఆ దగ్గుతో నా బుర్ర పనిచేయడం లేదు. ఇక ఇటు రాకు."

ఆయన స్టూలు గోడ వారకి జరిపి, గోడ పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆమె కాసేపు ఏడ్చింది. మొహం కడుక్కుని, తడి తువ్వాలు కుర్చీ మీద వేసింది. చూస్తుండగానే అది ఆరిపోయింది.

అప్పుడు వెలిగింది. పలచని గాలిలో తడి ఇట్టే ఆరుతుంది. చుక్క కూడా దారిలో ఆరి సన్నబడాలి కదా. తన లెక్కలో అది పుట్టినంత లావునే మలుపు దాకా వెళ్లి గోడకు గుద్దుకుంటోంది.

ఆ ఆరుదల లెక్కలో కలిపింది. చుక్క సన్నబడింది, మలుపు తిరిగింది, అడుగుకి దిగింది.

ల్యాప్‌టాప్ పట్టుకుని వార్డుకి పరుగెత్తింది. దారిలో ముసలాయన కనబడితే చూపిద్దామనుకుంది. కనబడలేదు.

డాక్టరు ఒక ఖాళీ మంచం పక్కన నిలబడి ఉన్నాడు.

"దిగింది సార్. ఈ స్కాన్ ఎవరిదో, ముందు ఆయనకి చెప్పండి."

డాక్టరు తెర వంక, ఆ ఖాళీ మంచం వంక చూశాడు.

"ఇందాకే పోయారమ్మా. మంచం దిగొద్దంటే వినేవారు కాదు. 'నా ఊపిరితిత్తుల్లో వాన పడుతోంది, చూసొస్తా'నని రోజూ మీ గదికే వచ్చేవారు."