టపాకాయలు కాల్చిందెవరు?

"దేశమంతా ఏడుస్తుంటే నిన్న సాయంత్రం టపాకాయలు కాల్చి పండగ చేసుకున్న ద్రోహి ఎవడు? ఇవాళ తేలిపోవాలి!"

పొద్దున్నే కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫణీంద్రవర్మ పెట్టిన మెసేజ్ ఇది. ఆయనే ఆ గ్రూపు అడ్మిన్. భీమవరంలో ఆ కాలనీ మంచిచెడ్డలన్నీ తన నెత్తినే ఉన్నాయని ఆయన నమ్మకం. ముందురోజు మధ్యాహ్నం ఉత్తరాదిన ఎక్కడో విహారయాత్రకు వెళ్ళిన అమాయకుల మీద ఉగ్రవాదులు కాల్పులు జరిపారు. టీవీలో ఆ శవాలను చూసి అందరికీ అన్నం సహించలేదు. సరిగ్గా అప్పుడే కాలువ వైపు నుంచి ఢాం ఢామ్మని టపాకాయలు! ఒళ్ళు మండదూ మరి?

మండింది. గ్రూపు నిండా ఎర్ర మొహాలు, పిడికిళ్ళు, జెండాలు.

"కాలువ పక్కన అద్దెకుండే ఆటో యుగంధర్ ఇంటికి నిన్న సీరియల్ లైట్లు వేశారండి. మా డాబా మీంచి ఫోటో తీశాను" అని కార్తీక్ ఫోటో పెట్టాడు. ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. అంత చదువుకున్నవాడు చెప్పాక ఇక అనుమానమేముంది?

యుగంధర్ కాలనీ పిల్లల్ని ఆటోలో బడికి దింపుతాడు. ఆ ఆటోయే అతని కుటుంబానికి తిండి పెడుతోంది. పాపం, వెంటనే జవాబిచ్చాడు.

"మా పాప మొదటి పుట్టినరోజండి. లైట్లు పొద్దున్నే వేశామండి. వార్త తెలిశాక తీసేశాం, కేకు కూడా కొయ్యలేదండి. టపాకాయలు మేం కాల్చలేదండి."

"చూశారా, లైట్లు వేసినట్టు ఒప్పుకున్నాడు!" అన్నాడు కార్తీక్.

"వీడి ఆటోలోనా నేను మా బాబుని పంపిస్తున్నాను? రేపట్నుంచి పంపను" అంది మంజుష.

"మేమూ పంపం."

"మా ఇద్దరు పిల్లల్నీ మాన్పించేస్తున్నాం."

"ఆ ఇల్లు నాదే. ఈ నెలలోనే ఖాళీ చేయిస్తాను. జై హింద్!" అని యుగంధర్ ఇంటి ఓనరు లోకనాథ్ ముగించాడు.

కాలువ దాకా వెళ్ళి ఒక్కసారి చూసొద్దామని ఒక్కడంటే ఒక్కడికి తోచలేదు. ఎందుకు తోస్తుందిలెండి! చేతిలో ఫోను ఉంటే కాళ్ళతో పనేముంది?

సాయంత్రం అందరూ కలిసి యుగంధర్ ఇంటి మీదికి వెళ్ళారు. గేటు బయటున్న ఆటో అద్దాన్ని ఎవడో అప్పటికే రాయితో పగలగొట్టాడు.

"ఏరా, బయటికి రా!" ఫణీంద్ర కేక వేశాడు.

యుగంధర్ చేతులు జోడించుకుంటూ వచ్చాడు. "రాజుగారూ, మా పాప మీద ఒట్టండి. నాకేం తెలీదండి. చనిపోయినవాళ్ళను చూసి మేమూ ఏడ్చామండి."

"ఏడ్చినవాడివి టపాకాయలెందుకు కాల్చావు?"

"కాల్చలేదంటున్నాను కదండీ!"

"ఎదురు మాట్లాడతావా?" ఫణీంద్ర చెంప ఛెళ్ళుమనిపించాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆపలేదు సరికదా, ఇద్దరు ముగ్గురు ఫోన్లు పైకెత్తారు.

పాపను చంకనేసుకుని యుగంధర్ భార్య సత్యవాణి ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. "బాబ్బాబూ, కొట్టకండి! ఏం చెయ్యమంటే అది చేస్తాడండి!"

"మోకాళ్ళ మీద కూర్చుని తప్పు ఒప్పుకోవాలి" అన్నాడు ఫణీంద్ర. " వీడియో తీసి గ్రూపులో పెడతాం. అప్పుడే వదులుతాం. కార్తీక్ గారూ, నా ఫోనుతో తియ్యండి, క్లియర్‌గా వస్తుంది."

"చెయ్యని తప్పు ఎలా ఒప్పుకోనండి?" అన్నాడు యుగంధర్.

"ఒప్పేసుకోవయ్యా!" సత్యవాణి అతని భుజం పట్టుకుని ఊపేసింది. "మనకు కొంప, ఆటో ఉండాలా వద్దా? పిల్లని పట్టుకుని ఎక్కడికి పోతాం?"

యుగంధర్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కెమెరా వైపు చూడలేక నేల చూపులు చూస్తూ అన్నాడు. "నిన్న టపాకాయలు నేనే కాల్చానండి. తప్పయిపోయింది. క్షమించండి."

"గట్టిగా!"

"నేనే కాల్చానండి!"

జనం చప్పట్లు కొట్టారు. కార్తీక్ అక్కడికక్కడే వీడియోను గ్రూపులోకి వదిలాడు. రెప్పపాటులో అది పక్క కాలనీ గ్రూపుకు, అక్కడి నుంచి స్కూలు తల్లిదండ్రుల గ్రూపుకు పాకిపోయింది. 'ద్రోహి దొరికాడు' అని కింద ఎవరో రాసేశారు కూడా. ఇక దాన్ని వెనక్కి తెచ్చే మొనగాడెవడు?

"దేశభక్తి అంటే ఇలా ఉండాలండి" అన్నాడు లోకనాథ్.

ఢాం! ఢాం! ఢాం!

అందరూ ఉలిక్కిపడ్డారు. చప్పుడు కాలువ అవతలి నుంచి. యుగంధర్ ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. సత్యవాణి ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. ఒక్కరూ ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయారు.

"అయితే... వీడు కాదన్నమాట" అని మంజుష గొణిగింది.

"వీడు కాకపోతే ఇంకోడు!" ఫణీంద్ర మొహం జేవురించింది. "ఇవాళ కూడా కాలుస్తున్నాడంటే ఎంత పొగరు వాడికి! పదండి, ఎవడైనా సరే తోలు వలిచేద్దాం!"

అంతలో కార్తీక్ చేతిలో ఉన్న ఫణీంద్ర ఫోను మోగింది. "మీ నాన్నగారండి" అంటూ అతను స్పీకరు నొక్కాడు.

కాలువ అవతల రొయ్యల చెరువుల దగ్గరే ఉంటున్న మాధవరాజు గొంతు అందరికీ ఖంగుమని వినిపించింది. "ఒరేయ్ ఫణీ, మన చెరువుల మీద నీటికాకులు నిన్నటికంటే ఎక్కువ దిగాయిరా. రొయ్యల్ని తినకుండా వాటిని తోలడానికి తెచ్చుకున్న టపాకాయలన్నీ నిన్నా ఇవాళా కాల్చేశాను, వచ్చేటప్పుడు ఇంకో రెండు పెట్టెలు పట్టుకురా!"