రోజుకో వేళ

ఇలా దగ్గరికి జరగండి. గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది.

పటమటలో రెండు గదుల అద్దె వాటాలో సింధూరి అని ఒక పిల్ల ఉండేది. తల్లీ తండ్రీ లేరు. నానమ్మ సీతారావమ్మే పెంచి బీటెక్ చదివించింది. రెండు ఉద్యోగాలు వచ్చినట్టే వచ్చి పోయాయి. మూడోది ఇంట్లో కూర్చుని చేసేది. చిన్న చిన్న ఊళ్లలో ఆసుపత్రుల వాళ్లు కంప్యూటర్ మొరాయిస్తే ఫోన్ చేస్తారు. ఈ పిల్ల ఇక్కడి నుంచే సరిచేసి పెట్టాలి. ఆర్నెల్లు చూసి పర్మినెంట్ చేస్తామన్నారు. ఈసారి కూడా పోతే ఇక ఎవరూ పిలవరని సింధూరికి భయం.

పొద్దున్న ఏడింటికి లోపలి గదిలో తలుపేసుకుని, హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చునేది. ఫోన్లన్నీ ల్యాప్‌టాప్‌లోకే, నెట్ మీద వస్తాయి. ఇక సాయంత్రం నాలుగింటి దాకా అవే పంచాయితీలు.

"ప్రింటర్ రావట్లేదమ్మా."

"అందులో కాగితం ఉందాండీ?"

"కాగితం కూడా మేమే పెట్టుకోవాలా? మరి మీరెందుకు?"

ఇంకొకాయన, "ఆడపిల్లవి, నీకేం తెలుస్తుందిలే, మగాళ్లెవరైనా ఉంటే ఇవ్వు" అనేవాడు. పది నిమిషాలు తంటాలు పడి బాగుచేస్తే, "ఆ, దానంతటదే వచ్చేసింది" అని పెట్టేసేవాడు. సింధూరి ఇంకో ఫోన్ ఎత్తేది.

అదంతా ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది మూడో నెలలో మొదలైంది. రోజుకు ఒక్కసారి, మాట మధ్యలో, నెట్ పోయేది. ఐదు నిమిషాలు. మళ్లీ వచ్చేది. ఈలోగా అవతలివాళ్లు కంపెనీకి ఫిర్యాదు పెట్టేసేవాళ్లు. సెల్‌ఫోన్ నెట్ వాడదామంటే ఆ గదిలో సిగ్నల్ అందదు. ముందుగదిలో కూర్చుందామంటే ఆటోల రొద. ల్యాప్‌టాప్‌తో కుస్తీ పట్టి, పట్టి, ఆఖరికి ముందుగదిలోకి పరుగెత్తుకొచ్చేసరికి అక్కడి నెట్ డబ్బా లైట్లు నిక్షేపంలా వెలుగుతూ ఉండేవి.

"నానమ్మా, కరెంట్ పోయిందా?"

"లేదమ్మా. ఫ్యాన్ తిరుగుతూనే ఉందిగా."

నెట్ లైన్లు చూసే అష్ఫాక్ మూడుసార్లు వచ్చాడు. డబ్బా మార్చాడు. మేడెక్కి వైరు మార్చాడు. ఒకరోజు గంటసేపు కుర్చీ వేసుకుని దానికేసే చూస్తూ కూర్చున్నాడు. ఏమీ కాలేదు.

"లైను బంగారంలా ఉందక్కా. నీ ల్యాప్‌టాప్‌లోనే ఏదో ఉంది."

కంపెనీ కొత్త ల్యాప్‌టాప్ పంపింది. అయినా పోయింది.

సింధూరి నోట్‌బుక్ పెట్టి రాసుకుంది. మంగళవారం మూడింటికి. బుధవారం పన్నెండింటికి. శుక్రవారం పదిన్నరకి. తర్వాతి వారమూ అంతే. అష్ఫాక్‌కి చూపిస్తే పడీ పడీ నవ్వాడు. "వారాన్ని బట్టి పోయే నెట్ ఎక్కడా చూళ్లేదక్కా. దిష్టి తీయించుకో."

కంపెనీలో ఈ పిల్ల పైఅధికారి హర్షవర్ధన్ నవ్వలేదు. "సింధూరి గారూ, ఊరందరి కంప్యూటర్లూ బాగుచేసే మనిషి సొంతింటి నెట్ బాగుచేసుకోలేకపోతే ఎలాగండీ? ఇంకొక్క కంప్లయింట్ వచ్చిందంటే నా చేతుల్లో ఉండదు."

ఆ పూట కంచం ముందు పెట్టుకుని కలపకుండా కూర్చుంది.

"నాకు పని రాదేమో నానమ్మా. నేను ముట్టుకుంటే చాలు, ఏదో ఒకటి పాడవుతోంది."

"పిచ్చిదానా, నీ తప్పేముంది? రోజులు బాగోలేవు. ఉగాది దాటనీ, అన్నీ సర్దుకుంటాయి. తిను, చల్లారిపోతోంది."

ఆ గురువారం మధ్యాహ్నం పామర్రులో ఒక చిన్న ఆసుపత్రి నుంచి హన్నా అనే నర్సు ఫోన్ చేసింది. పేషెంట్ల రిపోర్టులు తెరుచుకోవడం లేదు. సింధూరి ఒక్కొక్కటే నిదానంగా చెప్పి చేయించింది. హన్నా కూడా పాపం, చెప్పింది చెప్పినట్టు చేస్తోంది.

"ఇప్పుడు తెర మీద రెండు బటన్లు వస్తాయి హన్నా గారూ. వచ్చాయా? జాగ్రత్తగా వినండి."

ఒకటిన్నర అయింది. మాట తెగిపోయింది.

హన్నా అటు హలో హలో అని చాలాసేపు అంది. ఎదురుగా పేషెంట్లు కేకలేస్తున్నారు. ఏదో ఒకటి నొక్కింది. రెండేళ్ల రిపోర్టులు తుడిచిపెట్టుకుపోయాయి.

మర్నాడు పనిలోంచి తీసేశామని మెయిల్ వచ్చింది. సోమవారం కొరియర్ మనిషి వచ్చాడు. సింధూరి ల్యాప్‌టాప్‌ని చున్నీతో తుడిచి, వైరు చుట్టలు చుట్టి, అతని చేతిలో పెట్టింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో నెట్ ఒక్కసారి కూడా పోలేదు. వారం చూసింది, పది రోజులు చూసింది. నోట్‌బుక్ చింపేసింది.

"చూశావా నానమ్మా? లోపం లైన్లో లేదు. నాలోనే ఉంది."

ఇప్పుడు హనుమాన్ జంక్షన్‌లో హాస్టల్లో ఉంటూ ఒక బట్టల కొట్లో చీరలు మడతపెడుతోంది. కొట్టు యజమాని, "బీటెక్ అట కదమ్మా, బిల్లులు కొట్టే కంప్యూటర్ దగ్గర కూర్చో" అంటే, చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుందట.

"నాకు కంప్యూటర్ రాదండీ" అందట.

అటువైపు వెళ్లేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఈ కథ మరిచిపోకుండా దానికి చెప్పండి. రాహుకాలం పడే వేళకి పిల్ల చేతిలో పనుండకూడదని సిద్ధాంతి అన్నాడని, రోజూ ఆ డబ్బా ప్లగ్గు పీకి ఐదు నిమిషాలు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నది వాళ్ల నానమ్మేనని, నేనేనని, ఎదురుపడి చెప్పడానికి నాకు నోరు పెగలడం లేదని చెప్పండి.